బాబాయి బొటనవేలు

మొన్న ఆదివారం పొద్దున మా పిన్ని ఊరినుంచి వచ్చి, కాఫీ అయినా తాగకముందే, సంచిలోంచి గోనెగుడ్డ చుట్టిన మూట ఒకటి తీసి, నా చేతికివ్వకుండా హాల్లో నేల మీద పెట్టి, రెండు వేళ్ళతో నావైపు కొంచెం జరిపింది. విప్పకముందే వాసన వచ్చింది. పైన తుప్పు వాసన, దాని అడుగున సొరచేప నూనె వాసన. పడవల చెక్కకు పూసే ఆ నూనె ఒకసారి గుడ్డకు పట్టిందంటే ఎన్ని ఉతుకులు ఉతికినా వదలదు. విజయవాడలో ఈ మూడో అంతస్తు ఫ్లాటులో, ఫినాయిలుతో తుడిచిన నున్నటి నేల మీద ఆ వాసన లేచేసరికి మూటలో ఏముందో నాకు తెలిసిపోయింది. కత్తిని మనిషి చేతి నుంచి మనిషి చేతికి ఇవ్వకూడదు, ఇస్తే ఇద్దరికీ పోట్లాట వస్తుందని మావాళ్ళ నమ్మకం. నేల మీద పెడితే కావలసినవాళ్ళు తీసుకోవాలి. పిన్ని ఆ జాగ్రత్త పడింది. ఆ కత్తి గురించి పోట్లాట వచ్చి పాతికేళ్ళు దాటిన సంగతి ఆమెకు తెలియనిది కాదు.

"అటక దులుపుతుంటే దొరికిందే. నాది నాది అంటా ఉంటావుగా, ఉంచుకో" అని, ఇక ఆ సంగతి తనకు పట్టనట్టు చెప్పులు బయట విప్పి రావడానికి వెళ్ళింది.

మా నాన్నవాళ్ళ ఊరు దివిసీమ చివర, కృష్ణ పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోటుకు దగ్గర. నాన్న పెళ్ళయ్యాక విజయవాడ వచ్చి చేపల మార్కెట్లో ఐసు వ్యాపారం పెట్టుకున్నాడు గానీ, వేసవి సెలవులకీ దసరా సెలవులకీ మా కాపురమంతా ఊరికే కదిలేది. పొద్దున్నే బస్సెక్కితే కాలవ గట్టు వెంట అరటి తోటలు, పసుపు చేలు, చెరకు బళ్ళు ఒకదాని వెనక ఒకటి పోతూ ఉండేవి. చల్లపల్లి చేరేసరికి ఎండెక్కేది. అక్కడ బస్సు కాసేపు ఆగితే నాన్న దిగి కిటికీలోంచి నిమ్మసోడాలు అందించేవాడు, నాకు మాత్రం ప్రతిసారీ గ్యాసు పోయిన సోడాయే వచ్చేది, ఆ మాట చెబితే అందరూ నవ్వేవాళ్ళు, నవ్వినవాళ్ళు ఎవరెవరో నాకిప్పటికీ గుర్తుంది. అక్కడినుంచి కిందికి పోయేకొద్దీ గాలిలో ఉప్పు తగిలేది, ఇళ్ళ ముందు దడుల మీద వలలు, ఇసకలో పరిచిన ఎండురొయ్యలు, వాటి చుట్టూ కాకులు కనిపించేవి. బస్సు దిగి నడుస్తుంటే నాయనమ్మ పొయ్యి మీది పీతల పులుసు వాసన వీధి మొదట్లోనే ఎదురొచ్చేది. వేసవిలో తాటి ముంజలు, చింతచిగురు వేసిన రొయ్యలు. దసరాకు అరిటాకులో వేడి బూరెలు, వాటి మధ్య గుంట చేసి పోసిన నెయ్యి. మధ్యాహ్నాలు అరుగు మీద గవ్వలతో వామనగుంటలు ఆడుతుంటే, మేం అరుస్తున్నామని లోపల పడుకున్న బాబాయి గోడకేసి కొట్టిన చప్పుడు వినిపించేది.

బాబాయి అంటే మా నాన్న తమ్ముడు, ఇప్పుడు కత్తి తెచ్చిన పిన్ని భర్త. పెద్ద చేతులు. కొలిమిలో పనిచేసేవాడి చేతుల్లా ఉండేవి గానీ ఆయనది చేపల వేట. మాట తక్కువ మనిషి, ఆ తక్కువ మాటల్లోనూ సగం వెక్కిరింతే. నన్ను "బెజవాడ దొరసానీ" అని పిలిచేవాడు. నాకది ఇష్టం లేదని చాలాసార్లు చెప్పాను.

ఊరు దాటితే మడ. మడ అడవి అని బయటివాళ్ళంటారు గానీ మాకు ఉత్త మడే. పోటు వచ్చినప్పుడు చెట్లు మొదళ్ళ దాకా నీళ్ళలో నిలబడి ఉండేవి. నీరు తీసినప్పుడు నల్లటి బురద బయటపడి, అందులోంచి వేర్లు మేకుల్లా పైకి పొడుచుకుని కనిపించేవి. ఆ బురదలో మండపీతల బొరియలు ఉంటాయి. వేరు నరికి, దారి చేసుకుని, కొక్కెంతో పీతను బయటికి లాగి, అది పట్టుకోకముందే డెక్కలు కట్టెయ్యాలి, కట్టిన తాడు కోసెయ్యాలి, పాయలో పడవకు అడ్డం పడ్డ కొమ్మ తెగ్గొట్టాలి, ఎండిన కొమ్మలు పొయ్యికి ఏరుకోవాలి. అన్నిటికీ ఒకటే కత్తి. అందుకే మా ఇంట్లో మడకు వెళ్ళే ప్రతి మనిషికీ, ఆడామగా లేకుండా, సొంత కత్తి ఉండేది. ఇంకొకరి కత్తితో మడలో అడుగు పెట్టనిచ్చేది కాదు నాయనమ్మ. ఉప్పెన వచ్చినప్పుడు ఆమె తాటిచెట్టుకు తన చీరతో తనను కట్టుకుని బతికింది. నీళ్ళు తీశాక తడిసి బిగుసుకుపోయిన ఆ ముడి విప్పలేక, కోయడానికి కత్తి లేక, ఎవరో వచ్చేదాకా చెట్టుకే ఉండిపోయిందట. ఆ కథ ఆమె ఏడుస్తూ చెప్పేది కాదు, విసుక్కుంటూ చెప్పేది.

ఆమె పెట్టిన నియమం ఇంకొకటుంది. కత్తి ఎవరికి వాళ్ళే ఏరుకోవాలి. కొట్లో నిలబడ్డాక పక్కనున్నవాళ్ళు ఇది బాగుంది, అది బాగాలేదు అని నోరు విప్పకూడదు. "ఒకళ్ళ మాట మీద కొన్న కత్తి చెయ్యి కోస్తే, తిట్టేది కత్తిని కాదే, చెప్పినోణ్ణి" అనేది. ఏరుకున్నాక బొటనవేలు పదునుకు అడ్డంగా ఆనించి చూసుకోవాలి. ఎవరి వేలు ముందు ఆనితే కత్తి వాళ్ళది. ఆ తర్వాత మార్చుకోవడం, బేరం ఆడుకోవడం లేదు. ఊళ్ళో అందరికీ ఈ పట్టింపు ఉండేదో లేదో నేను చెప్పలేను, మా ఇంట్లో మాత్రం దీనికి తిరుగులేదు.

ఆ ఏడు వేసవిలో మా మేనత్త కొడుకు కత్తి పట్టుకుని మడకు వెళ్ళాడు. నన్ను గట్టు మీద పీతల బుట్టకు కాపలా పెట్టారు. నాకంటే వాడేం పెద్దవాడు కాదు. బుట్ట కాలి మీద పడి గోరు ఊడితే, సాయంత్రం దాకా ఎవరూ ఏమైందని అడగలేదు. అప్పుడు నాయనమ్మ ముందు నిలబడి గొడవ చేస్తే, దసరాకు తను దుర్గమ్మ దర్శనానికి బెజవాడ వస్తాననీ, అప్పుడు నాకు కత్తి కొనిపెడతాననీ, ఆయుధపూజ అయ్యాక మడకు తీసుకెళతాననీ మాటిచ్చింది. ఆ మాట పట్టుకుని ఆరో క్లాసు మొదటి సగమంతా బతికాను. ఆ కత్తి చేతికొస్తే ఇక నన్నెవరూ గట్టు మీద కూచోబెట్టలేరు. నాకు కావలసింది అంతే.

ఆ నెలల్లో నేను అడగని మనిషి లేడు. కొట్లో మాట్లాడకూడదు గానీ ముందు అడగడానికి అడ్డేముంది. నాన్న, కత్తికి పొడవుండాలి, బురదలో నడుం వంచక్కర్లేకుండా అన్నాడు. మార్కెట్లో చేపలు కోసే ఆవిడ, పల్చగా ఉండాలమ్మా, పల్చటిదే చెప్పినట్టు వింటదీ అంది. మా వీధిలో వడ్రంగి కత్తి అలుగు మీద, ఆ ఇనప రేకు మీద, గోటితో కొట్టి చూడమన్నాడు, గంటలా మోగాలట. కాలవ గట్టున కొబ్బరి బోండాలు కొట్టే అతను మాత్రం తన కత్తి తూకం వేసినట్టు పైకీ కిందికీ ఆడించి, "బరువు చూస్కో పాపా. కోసేది పదును కాదు, బరువు" అని ఒక్క వేటుకి బోండాం తల ఎగరగొట్టి చూపించాడు. అది కళ్ళారా చూశాక మిగతావాళ్ళ మాటలు నాకు ఆనలేదు. అమ్మనడిగితే, ఆడపిల్లకు కత్తేమిటి, ముందు గరిటె పట్టుకోవడం నేర్చుకోమంది. ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళు చెప్పినదానికి పొంతన లేదు. అందరూ నాకు మంచే చెప్పారు, అందరూ చెప్పింది వాళ్ళ వాళ్ళ పనికి సరిపోయే కత్తి గురించని నాకు అప్పుడు తట్టలేదు. ఎవరూ చెప్పలేదు కూడా.

కొన్నది వన్‌టౌన్‌లో. గడపారలు, పలుగులు, గొలుసులు, తాళ్ళు, బొక్కెనలు వీధిలోకి వేలాడేసిన ఇనప సామాన్ల కొట్ల వరస అది. రిక్షా దిగితే కాలికింద ఇనప రజను కరకరమనేది. దసరా రోజులు కాబట్టి కొండ మీది మైకు అక్కడిదాకా వినిపిస్తూ ఉండేది. నాయనమ్మ, బాబాయి, నేను వెళ్ళాం. బాబాయిని ఎవరూ రమ్మనలేదు. వలకు సీసపు గుళ్ళు కావాలని తనే వెంట వచ్చాడు. కొట్టాయన నన్ను చూసి, "పాపకేనా? కూరగాయల కత్తి ఇవ్వమంటారా అండీ" అన్నాడు. నాయనమ్మ ఉన్నవన్నీ బల్ల మీద పరవమంది.

పరిచాడు. వంకర కత్తులు, తిన్నటివి, ముక్కు కిందికి వంగినవి, చెక్క పిడివి, కొమ్ము పిడివి. అన్నిటికీ పూసిన నూనె మీద దుమ్ము పట్టి ఉంది. ఒక్కొక్కటే ఎత్తి, తడిమి, గోటితో కొట్టి, కొన్ని మోగి కొన్ని మోగక, పల్చటిది పట్టుకుంటే చేపలావిడా, పొడుగుది పట్టుకుంటే నాన్నా గుర్తొచ్చి, చివరికి ఒక పెద్ద కత్తి దగ్గర ఆగిపోయాను. కొంగ ముక్కులా ముందుకు వంగిన అలుగు, నల్లటి చెక్క పిడి, పిడికీ అలుగుకూ మధ్య ఇత్తడి పొన్ను. ఎత్తితే మణికట్టు కిందికి లాగింది. రెండు చేతులతో పట్టుకున్నాను. బోండాల అతను చెప్పిన బరువు ఇదే అనిపించింది. నాయనమ్మ వంక చూస్తే ఆమె వీధిలోకి చూస్తోంది, నియమం ప్రకారం. కత్తిని బల్ల మీద పెట్టాను. నా వేళ్ళకంతా నూనె. జిడ్డు వేలు పెడితే పదును తెలియదని నాయనమ్మే చెప్పింది కాబట్టి గౌను అంచుకు బొటనవేలు తుడుచుకుంటున్నాను. బాగా తుడుచుకోవాలని ఇంకోసారి తుడుచుకుంటున్నాను.

నా భుజం మీదుగా పెద్ద చెయ్యి ఒకటి వచ్చి ఆ కత్తిని ఎత్తింది. బాబాయి దాన్ని వెలుతురుకు తిప్పి, బొటనవేలు పదునుకు ఆనించి, అటూ ఇటూ జరిపాడు.

"ఊఁ" అన్నాడు.

కొట్టాయన నవ్వాడు. నాయనమ్మ వీధిలోంచి చూపు తిప్పింది. కత్తిని చూసింది, వేలును చూసింది, బాబాయి మొహం చూసింది. నాకు ఆ చూపు అర్థం కాలేదు. కోపమైతే తిట్టేది, తిట్టలేదు.

"నీ వేలు పడింది. ఇక అది నీది" అంది. నాతో, "ఇంకోటి చూసుకోవే" అంది.

నేను ఏరుకున్నది అదేనని చెప్పాను. తుడుచుకుంటున్నానని చెప్పాను. కొట్టాయనను సాక్ష్యం అడిగాను. బాబాయి పొరపాటైందే అనలేదు, నాక్కావాలి అని కూడా అనలేదు. తన కత్తిని చంకన పెట్టుకుని సీసపు గుళ్ళు ఏరుకోవడానికి వెళ్ళాడు. నేను ఏడుస్తూ, చూడకుండానే బల్ల చివరనున్న పొట్టి కత్తి మీద వేలు పెట్టేశాను. దాన్ని నేను ఏరుకోలేదు. కోపంలో చేతికి తగిలింది. ఇప్పటికీ అలాగే అంటాను.

ఆయుధపూజనాడు ఊళ్ళో ఇంటి అరుగు మీద కత్తులన్నీ వరసగా పేర్చి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టారు. బంతిపూల వాసన, కర్పూరం పొగ, పీట మీద పులిహోర. పెద్ద కత్తి బాబాయి వలల పక్కన మెరుస్తోంది, నాది చివర్న బుద్ధిగా కూచున్న పిల్లలా ఉంది. నేను ఆ రోజు బాబాయి ఇచ్చిన ప్రసాదం తీసుకోలేదు. నాయనమ్మ మళ్ళీ వేరే తెచ్చి పెట్టింది.

తర్వాత మడకు వెళ్ళాం. గట్టు మీద కూర్చోబెట్టకుండా నన్ను పడవలో ఎక్కించుకున్నారు. అనుకున్నది జరిగింది కాబట్టి సంతోషించాలి, సంతోషించాను కూడా, కానీ ఆ సంతోషం సగంలో ఎక్కడో అడ్డం తిరిగింది. బురద పిక్కల దాకా దిగబడుతుంటే, వేళ్ళ సందుల్లోంచి చల్లగా పైకి వస్తుంటే, పొట్టి కత్తితో వేర్లు తెగ్గొట్టాను, తాడు కోశాను. నేను ఎవరి సాయమూ లేకుండా పీత డెక్కలు కట్టడం చూసి మా మేనత్త కొడుకు తన పీతను కూడా నావైపు తోశాడు. ఆ కత్తి నా చేతిలో ఒక్కసారి కూడా జారలేదు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, అదే నా బాధ. బాబాయి పెద్ద కత్తి మాత్రం కొమ్మను కొట్టిన ప్రతిసారీ ముక్కు చెక్కలో ఇరుక్కునేది. ఒకసారి ఆ బరువుకు చేతిలోంచి జారి, ఆయన మోకాలి పక్కగా బురదలో దిగబడింది. నేను నవ్వాను. బాబాయి కత్తి పైకి తీసి, పాయ నీళ్ళలో కడుక్కుని, నా వంక చూసి తనూ కొంచెం నవ్వాడు. ఎందుకు నవ్వాడో తెలియక నాకు ఒళ్ళు మండింది.

ఆ తర్వాత ఎన్ని సెలవులకు వెళ్ళినా ఆయనతో మాట పొడిపొడిగానే ఉంచాను. నా పెళ్ళిలో ఆయన కట్నం చదివించిన ఇత్తడి బిందె ఇప్పటికీ వాడలేదు. మధ్యలో అడగకుండా మాత్రం ఉండలేదు. నాన్ననడిగితే, వాడికది చిన్నప్పటినుంచీ అలవాటే, కత్తి కనిపిస్తే వేలు దానంతటదే పోతుందన్నాడు. అమ్మనడిగితే, ఏముంది, నచ్చింది, తీసుకున్నాడు, మీ నాన్నవాళ్ళంతా అంతే అంది. పోయే ముందు సంవత్సరం నాయనమ్మనడిగాను, ఆయన తెలిసే చేశాడా అని. ఆమె వక్క నములుతూ, "నోరు విప్పకూడదని పెట్టింది నేనే కదే" అంది. ఆ మాటను అప్పటినుంచీ అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తూనే ఉన్నాను. ఆ కత్తి నా చేతికి బరువని, నోరు విప్పకుండా నన్ను ఆపడానికి బాబాయికి ఇంకో దారి లేక వేలు పెట్టాడనా? అలా అయితే ఇన్నేళ్ళ నా కోపం ఎవరి మీద? అలా కాకపోతే మడలో ఆ నవ్వేమిటి?

మొన్న పిన్ని స్నానానికి వెళ్ళాక మూట విప్పాను. అలుగు అంతా తుప్పు, కొంగ ముక్కు మాత్రం అలాగే ఉంది. మార్పు పిడిలో ఉంది. నల్లటి చెక్క పిడి పోయి, మడ కర్రతో చేసిన వేరే పిడి ఉంది, పొన్ను మాత్రం పాతదే. ఆ పిడి సన్నగా, పొట్టిగా, నాలుగు వైపులా నున్నగా చెక్కి ఉంది. దాంతో బాబాయి అరచెయ్యి సగం కూడా నిండదు. నేను పట్టుకుని చూశాను. నా చేతిలోనూ ఇమడలేదు, చిటికెన వేలు బయటికి వచ్చేసింది. ఆరో క్లాసు పిల్ల చేతికైతే సరిపోయేదేమో. ఏమో. కర్ర దొరికినంతే దొరికిందేమో.

ఇక తట్టుకోలేక ఫోన్ చేశాను. ఈ మధ్య ఆయనకు నడుం పట్టేసి మంచం దిగడం తక్కువ. దిగినా వెళ్ళడానికి ఏముంది, మేం పీతలు పట్టిన చోటంతా రొయ్యల చెరువులైపోయి, గట్ల మీద మోటార్లు నురగ చిమ్ముతూ తిరుగుతున్నాయట. వన్‌టౌన్‌లో ఆ కొట్టున్న చోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మా మేనత్త కొడుకు పిల్లలకు కత్తి అంటే బిర్యానీ హోటల్లో ఫోర్కు పక్కన పెట్టేది. వేలు ఆనించి చూసుకునే నియమం మా ఇంట్లో పాటించినవాళ్ళలో నేనే ఆఖరిదాన్ని, అది కూడా సరిగా జరగలేదు.

కత్తి సంగతి ఎత్తాను.

"ఏ కత్తే?" అన్నాడు.

పాతికేళ్ళు నేను మోసింది ఆయనకు గుర్తే లేదు. కొట్టు, దసరా, సీసపు గుళ్ళు అన్నీ వరసగా చెప్పాను, నేను వేలు తుడుచుకున్న సంగతొక్కటే ఎత్తలేదు. వింటున్నాడో లేదో తెలియలేదు, వెనక టీవీ మోగుతోంది. సరే, పిడి ఎందుకు మార్చావు, ఎవరి చేతికని అంత సన్నగా చెక్కావు, అదైనా చెప్పమన్నాను.

"విరిగింది. ఏదో కర్ర పెట్టా" అన్నాడు.

"అంత చిన్న కర్రా బాబాయ్?"

నేను ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒళ్ళో కత్తి పెట్టుకుని, ఆయన పెట్టేస్తాడేమో అనుకుంటూ కూర్చున్నాను.

"పదునుందేమో చూసుకో" అన్నాడు చివరికి. "ఈసారన్నా వేలు తుడుచుకుంటా కూచోమాక, దొరసానీ."

ఫోన్ పెట్టేశాడు. నా బొటనవేలు అప్పటికే చీర కొంగులో ఉంది.